బాల్యాఘాతం, ఎపిజెనెటిక్స్, మెదడు ఎదుగుదల

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు తమ శక్తికి మించిన భయాన్నో హింసనో నిర్లక్ష్యాన్నో ఎడబాటునో, ఆదుకునే పెద్దదిక్కు లేకుండా అనుభవించడాన్ని బాల్యాఘాతం అంటారు. డీఎన్‌ఏ వరుస మారకుండానే ఏ జన్యువు ఎప్పుడు, ఎంతమేరకు పనిచేయాలో నియంత్రించే రసాయన మార్పులను పరిశీలించే శాస్త్రం ఎపిజెనెటిక్స్. చిన్ననాటి కష్టం ఈ మార్పుల ద్వారా ఎదిగే మెదడు మీద ముద్ర వేస్తుందా, వేస్తే ఎంతకాలం నిలుస్తుంది, చెరిగే వీలుందా అన్నవి గత రెండు దశాబ్దాలుగా నాడీశాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్నలు. ప్రపంచ పరిశోధనతోపాటు తెలుగు ప్రాంతంలో జరిగిన అధ్యయనాలు, ఎన్టీఆర్ జిల్లా మెట్ట ప్రాంతమైన కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటల్లో పిల్లల పరిస్థితి ఈ వ్యాసంలో ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

దెబ్బలు, లైంగిక దాడి, తిట్లతో నిత్యం కించపరచడం, తిండీ ఆలనా పాలనా లేకపోవడం, తల్లిని కొడుతుంటే చూడడం, ఇంట్లో తాగుడు, తల్లి లేదా తండ్రి దూరం కావడం వంటివి బాల్యంలోని ప్రతికూల అనుభవాల కింద లెక్కకు వస్తాయి. ఈ లెక్కకు మూలం అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా చేసిన సర్వే. 1998లో వచ్చిన మొదటి నివేదికలో 9,508 మంది పెద్దల సమాధానాలున్నాయి. నాలుగు లేదా అంతకు మించిన రకాల కష్టాలు చిన్నతనంలో పడ్డవారిలో మద్యపానం, మత్తు పదార్థాల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ప్రమాదం ఏ కష్టమూ పడనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది.

ఆ జాబితా ఇంటి గడప దాటలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత తయారుచేసిన అంతర్జాతీయ ప్రశ్నావళిలో తోటిపిల్లల వేధింపు, ఊళ్లో జరిగే హింస, సామూహిక హింస కూడా చేరాయి. కులం, పేదరికం, వలస పిల్లల బతుకును శాసించే మన దేశానికి ఈ విస్తృత జాబితాయే తగినది.

కష్టపెట్టే ప్రతి సంఘటనా ఆఘాతం కాదు. బడిలో మొదటి రోజు ఏడుపు, పరీక్ష ముందు గుబులు, సూదిమందు భయం కాసేపట్లో సర్దుకుంటాయి. వాటివల్ల పిల్లలు రాటుదేలతారు కూడా. భయం రోజుల తరబడి, నెలల తరబడి తగ్గకపోవడం, ఆ సమయంలో ఒడిలోకి తీసుకునే మనిషి లేకపోవడం ఆఘాతాన్ని గుర్తించడానికి ఆధారాలు.

చరిత్ర

ఎపిజెనెటిక్స్ అన్న మాటను 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ ప్రవేశపెట్టాడు. తల్లి ఆలనకు దూరమైన పిల్లల మానసిక ఆరోగ్యం మీద జాన్ బోల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక ఇచ్చాడు. డీఎన్‌ఏకు మిథైల్ గుంపు అతుక్కోవడం కణానికి ఒకరకమైన జ్ఞాపకంగా పనిచేయవచ్చని 1975లో ఆర్థర్ రిగ్స్ ఒకవైపు, రాబిన్ హాలిడే, జాన్ ప్యూ మరోవైపు విడివిడిగా ప్రతిపాదించారు.

ఈ చరిత్రలో హైదరాబాద్‌కు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. నేటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన చంపకం, శ్రీకంఠయ్య, సి. గోపాలన్ 1968లో ఒక చిన్న అధ్యయనాన్ని ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వయసులో క్వాషియోర్కర్ వచ్చి, చికిత్సతో బయటపడ్డ 19 మంది పిల్లలను 8 నుంచి 11 ఏళ్ల మధ్య మళ్లీ పరీక్షించారు. మాంసకృత్తుల లేమితో కాళ్లూ ముఖమూ వాచి, చర్మం పొలుసులు లేచి, జుట్టు రంగు వెలిసిపోయే ఆ జబ్బు అప్పట్లో మన ఊళ్లలో మామూలు. వయసు, ఆర్థిక స్థితి, తల్లిదండ్రుల చదువు సరిపోలిన ఇతర పిల్లలతో పోల్చి చూస్తే జబ్బుపడ్డవారు మానసిక సామర్థ్య పరీక్షల్లో వెనకబడి ఉన్నారు. వారిలోనూ పెద్దపిల్లల్లో తేడా తక్కువగా, చిన్నపిల్లల్లో ఎక్కువగా ఉంది. శరీరం కోలుకున్నాక కూడా మెదడు పనిలో లోటు మిగులుతుందనీ, వయసుతో అది కొంత పూడవచ్చనీ ఈ ఫలితం సూచించింది. ఆకలి ఒక్కటే దీనికి కారణమా, ఆకలితో పాటు వచ్చే నీరసమూ ఒంటరితనమూ ఇంటి దైన్యమూ కలిసి కారణమా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. అది నేటికీ పూర్తిగా తేలలేదు.

మెదడు ఎదుగుదల

నాడీకణాల్లో అత్యధిక భాగం పుట్టక ముందే తయారవుతుంది. పుట్టాక ముఖ్యంగా పెరిగేవి కణాల మధ్య సంధులు. రెండేళ్లు నిండేసరికి మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి, ఐదేళ్లకు సుమారు 90 శాతానికి చేరుతుంది. మొదట అవసరానికి మించి సంధులు ఏర్పడతాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, వాడనివి తొలగిపోతాయి. నాడీతంతువుల చుట్టూ మైలీన్ పొర ఏర్పడి సంకేతాల వేగం పెరుగుతుంది. ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికీ ఆవేశాన్ని ఆపుకోవడానికీ అవసరమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇరవై ఐదేళ్ల ప్రాంతం దాకా పరిణతి చెందుతూనే ఉంటుంది.

ఒక్కో సామర్థ్యానికి ఒక్కో సున్నిత దశ ఉంది. చూపుకు, మాటకు, మనుషులతో అనుబంధానికి తొలి రెండు మూడేళ్లు కీలకం. కౌమారంలో మరో విస్తృతమైన మార్పుల దశ వస్తుంది. అందువల్ల ఒకే కష్టం రెండేళ్ల పిల్లలోనూ పద్నాలుగేళ్ల పిల్లలోనూ ఒకే రకమైన ఫలితాన్నివ్వదు.

ఒత్తిడి వ్యవస్థ

ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి సంకేతం పంపుతుంది, పిట్యూటరీ మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకు పంపుతుంది. అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది. కార్టిసాల్ తగినంత చేరిందని హిప్పోకాంపస్‌లోని గ్రాహకాలు పసిగట్టి వ్యవస్థను ఆపుతాయి. జ్ఞాపకాలకు కేంద్రమైన హిప్పోకాంపస్‌లో ఈ గ్రాహకాలు ఎక్కువ కాబట్టి ఎడతెగని ఒత్తిడి దెబ్బ దానికే ముందు తగులుతుంది.

బాల్యంలో వేధింపులకు గురైనవారి మెదడు చిత్రాల్లో హిప్పోకాంపస్ పరిమాణం సగటున కొంత తక్కువగా, భయాన్ని గుర్తించే అమిగ్డాలా స్పందన ఎక్కువగా కనిపించినట్టు పలు అధ్యయనాలు తెలిపాయి. ఇవి సగటులు మాత్రమే. ఒక్క వ్యక్తి స్కాన్ చూసి ఆ మనిషి బాల్యం ఎలా గడిచిందో చెప్పగలిగే పద్ధతి లేదు.

కేటీ మెక్‌లాఫ్లిన్, మార్గరెట్ షెరిడన్ ఈ కష్టాలను రెండు పాయలుగా విడదీశారు. దెబ్బలు, దాడులు, కళ్లముందు జరిగే హింస బెదురు కిందికి వస్తాయి. అవి భయాన్ని నేర్చే మార్గాల మీద ఎక్కువగా పనిచేస్తాయి. మాట్లాడేవారు లేకపోవడం, ఆటా పాటా తిండీ కరువవడం లేమి కిందికి వస్తాయి. అవి మాట, ఏకాగ్రత, ఆలోచనలకు సంబంధించిన భాగాల మీద ఎక్కువగా పనిచేస్తాయి. నిజజీవితంలో ఈ రెండూ చాలా ఇళ్లలో కలిసే ఉంటాయి.

ఎపిజెనెటిక్ గుర్తులు: పనితీరు

కాలేయ కణంలోనూ నాడీకణంలోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ. ఏ జన్యువులు పనిచేస్తున్నాయన్న దాంట్లోనే వాటి తేడా. ఈ తేడాను నిలబెట్టే పద్ధతుల్లో ఎక్కువగా పరిశోధించింది మిథైలేషన్. డీఎన్‌ఏలో గ్వానిన్‌కు ముందుండే సైటోసిన్‌కు మిథైల్ గుంపు అతుక్కుంటుంది. జన్యువు మొదలయ్యే చోట ఇలా జరిగితే సాధారణంగా ఆ జన్యువు పని తగ్గుతుంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు ఎసిటైల్ గుంపు చేరితే చుట్ట వదులై జన్యువు పని పెరుగుతుంది. ప్రోటీన్లను తయారుచేయని ఆర్‌ఎన్‌ఏలు మూడో పద్ధతి.

ఒత్తిడికీ ఈ గుర్తులకూ ముడి ఉందని గట్టిగా చూపింది మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం. మైకేల్ మీనీ, మోషే జిఫ్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం 2004లో వెలువడింది. పుట్టిన మొదటి వారంలో పిల్లలను బాగా నాకి, శుభ్రం చేసే తల్లులున్నాయి, అంతగా పట్టించుకోని తల్లులూ ఉన్నాయి. పట్టించుకోని తల్లుల పిల్లల హిప్పోకాంపస్‌లో కార్టిసాల్‌ను పోలిన హార్మోన్ గ్రాహకపు జన్యువు మీద మిథైలేషన్ ఎక్కువగా ఉంది, గ్రాహకాలు తక్కువగా ఉన్నాయి, బెదిరితే ఒత్తిడి త్వరగా తగ్గలేదు. పుట్టగానే పిల్లలను తారుమారు చేసి పెంచితే అవి కన్నతల్లి తీరును కాక పెంచిన తల్లి తీరునే అందుకున్నాయి. పెద్దయ్యాక మెదడులోకి ట్రైకోస్టాటిన్ అనే మందు ఎక్కిస్తే గుర్తు మారింది, ఒత్తిడి స్పందనా మారింది. తారుమారు ప్రయోగం కారణాన్ని వారసత్వం నుంచి పెంపకం వైపు తిప్పింది. మందు ప్రయోగం ఈ గుర్తు శాశ్వతం కానక్కరలేదని చూపింది.

మనుషుల్లో ఆధారాలు

ఇదే బృందానికి చెందిన పాట్రిక్ మెక్‌గోవన్ తదితరులు 2009లో కెనడాలోని క్విబెక్ మెదడు బ్యాంకు నమూనాలను పరిశీలించారు. బాల్యంలో వేధింపులకు గురై ఆత్మహత్య చేసుకున్న 12 మంది, వేధింపులు లేకుండా ఆత్మహత్య చేసుకున్న 12 మంది, ఇతర కారణాలతో మరణించిన 12 మంది నమూనాలవి. కార్టిసాల్ గ్రాహకపు జన్యువైన ఎన్‌ఆర్3సీ1 మీద మిథైలేషన్ మొదటి గుంపులోనే ఎక్కువగా ఉంది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు కుంగుబాటులో ఉంటే బిడ్డ బొడ్డుతాడు రక్తంలో ఇదే జన్యువు మిథైలేషన్ పెరిగినట్టు 2008లో టిమ్ ఓబర్‌లాండర్ బృందం తెలిపింది. ఒత్తిడిని అదుపుచేసే ఎఫ్‌కేబీపీ5 జన్యువులో ఒక రకం ఉన్నవారికి, బాల్యంలో ఆఘాతం తగిలితే ఆ చోట మిథైల్ గుర్తు తగ్గుతుందని 2013లో టోర్‌స్టెన్ క్లెంగెల్ తదితరులు చూపారు. పుట్టుకతో వచ్చిన జన్యువూ పెరిగిన పరిస్థితీ కలిస్తేనే ఈ ఫలితం వచ్చింది, ఏ ఒక్కదానితోనో రాలేదు.

పెంపకం మారితే మెదడు మారుతుందా అన్నదానికి బలమైన ఆధారం రొమేనియా నుంచి వచ్చింది. బుకారెస్ట్ అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగంమందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు పంపి, 2000 దశకం ఆరంభం నుంచి ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లో పెరిగినవారి తెలివితేటలు, అనుబంధం, మెదడు విద్యుత్ తరంగాలు మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపు చేరినవారికి కొన్ని అంశాల్లో మేలు మరింత ఎక్కువ జరిగింది.

పరిమితులు, వివాదాలు

మనుషుల్లో జరిగిన చాలా అధ్యయనాలు రక్తం, లాలాజలం మీద ఆధారపడ్డాయి. మెదడులోని మిథైలేషన్‌కు అవి అన్నిచోట్లా అద్దం పట్టవు. పొగతాగడం మిథైలేషన్ మీద చాలా బలమైన ముద్ర వేస్తుంది. కష్టాల్లో పెరిగినవారిలో ఆ అలవాటు ఎక్కువ కాబట్టి ఏ ముద్ర దేనిదో విడదీయడం కష్టం. బ్రిటన్‌లో 2,232 మంది కవలలను గమనిస్తున్న అధ్యయనం నుంచి 2018లో సారా మార్జీ తదితరులు ఇచ్చిన ఫలితం ఈ రంగానికి పెద్ద హెచ్చరిక. బాల్య, కౌమారాల్లో హింసకు గురైనవారి రక్తంలో నిలకడైన మిథైలేషన్ తేడాలు దాదాపు దొరకలేదు. కనిపించినవాటిలోనూ చాలా భాగం పొగతాగడం లెక్కలోకి తీసుకోగానే తగ్గిపోయాయి. ఆఘాతం వల్ల నష్టం లేదని దీని అర్థం కాదు. ఆ నష్టాన్ని రక్తపరీక్షతో పట్టుకోగలమన్న ఆశకు ఆధారం బలహీనమని అర్థం. బాల్యాఘాతాన్ని తేల్చే ఎపిజెనెటిక్ పరీక్ష అంటూ ఎవరైనా అమ్మితే కొనవలసిన పని లేదు.

తరతరాల బదిలీ

1944–45 శీతకాలంలో నాజీల దిగ్బంధంవల్ల నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువులో గర్భస్థ శిశువులుగా ఉన్నవారిని ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే ఐజీఎఫ్2 జన్యువు మిథైలేషన్ తగ్గి ఉందని 2008లో తేలింది. దీన్ని తరతరాల వారసత్వానికి రుజువుగా చెప్పడం కద్దు. అయితే గర్భిణి ఆకలితో ఉంటే ఆమె, కడుపులోని బిడ్డ, ఆ బిడ్డలో అప్పటికే రూపుదిద్దుకుంటున్న బీజకణాలు మూడూ నేరుగా ఆకలికి గురవుతాయి. కాబట్టి తల్లి వైపు నుంచి నిజమైన వారసత్వం ఉందని చెప్పాలంటే ముని మనవల దాకా చూపాలి. పైగా ఫలదీకరణ తర్వాత, బీజకణాలు ఏర్పడేటప్పుడు మిథైల్ గుర్తుల్లో ఎక్కువ భాగం చెరిగిపోతాయి. యూదు మారణహోమ బాధితుల సంతానం మీద 2016లో రేచల్ యెహూదా బృందం ఇచ్చిన ఫలితం ప్రసిద్ధమైనా, నమూనా చిన్నది. తాతల బాధ మన జన్యువుల్లో రాసి ఉందన్న వాక్యం పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది గాని, మనుషుల విషయంలో అంత మాట అనడానికి తగిన ఆధారాలు రాలేదు. బాధ ఒక తరం నుంచి మరో తరానికి చేరే దారులు మాత్రం ఎన్నో ఉన్నాయి. పెంపకం, పేదరికం, అప్పు, భయం, చుట్టూ ఉన్న సమాజం అన్నీ ఆ దారులే.

తెలుగు ప్రాంతంలో పరిశోధన

1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చే పథకాన్ని పరీక్షించింది. కొన్ని గ్రామాల్లో పథకం అమలైంది, మిగిలినవాటిలో అప్పటికి కాలేదు. 2003–05లో ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక చూస్తే, ఆహారం అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు, వారి ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల స్థితి మెరుగ్గా ఉన్నాయి. ఈ బృందాన్ని తర్వాత ఆంధ్రప్రదేశ్ బాలలు, తల్లిదండ్రుల అధ్యయనం పేరుతో కొనసాగించారు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను గమనిస్తూ వచ్చింది. వారిలో 2,000 మంది 2001–02లో, 1,000 మంది 1994–95లో పుట్టినవారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్) నేతృత్వంలో 6 నుంచి 23 ఏళ్లవారి మీద జరిగిన సీవేదా అధ్యయన కేంద్రాల్లో అప్పటి చిత్తూరు జిల్లాలోని రిషి వ్యాలీ ఒకటి. బాల్య కష్టాలు, మెదడు చిత్రాలు, జన్యు నమూనాలు మూడూ కలిపి చూసే ప్రయత్నమది. హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో గిరిరాజ్ చందక్ బృందం తల్లి పోషణ బిడ్డ మిథైలేషన్ మీద చూపే ప్రభావాన్ని ముంబై, గాంబియా పిల్లల నమూనాలతో పరిశీలించింది.

హింస విస్తృతి తెలిపే లెక్క 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడగగా, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది.

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట

2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా ఈ మండలాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన పంటల్లో ఉన్నాయి. కౌలురైతులు, కూలీలు ఎక్కువ. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. మిరప కోతలప్పుడు తల్లి తెల్లవారకముందే ఆటో ఎక్కి పొలానికి పోతుంది, పొద్దుగూకాక తిరిగొస్తుంది. చంటిబిడ్డను ఎనిమిదేళ్ల అక్క చంకన వేసుకుని ఇంటి దగ్గర ఉండిపోతుంది. ఇక్కడ లేమి ఇద్దరిది. బిడ్డకు తల్లి మాట, పాలు కరువవుతాయి. అక్కకు బడి పోతుంది. దీనికి తల్లిని తప్పుపట్టడం అన్యాయం. కూలి గిట్టుబాటు కాక, బిడ్డను చూసే చోటు పొలం దగ్గర లేక వచ్చిన స్థితి ఇది.

అంగన్‌వాడీలో కొలత ప్రధానంగా బరువు, ఎత్తులదే. ఆయా ఇంటింటికీ వెళ్లి పిల్లలను పిలుచుకొస్తుంది, గుడ్డు, పాలు అందుతాయి, బరువు నమోదవుతుంది. రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం, వచ్చిన మాటలు ఆగిపోవడం, పెద్ద చప్పుడుకు బిగుసుకుపోవడం వంటివి ఇంట్లోవాళ్లు చెబితేనే తెలుస్తాయి. పిల్లాడు జడుసుకున్నాడని తాయెత్తు కట్టించి ఊరుకునే ఇళ్లు ఎన్నో. తాయెత్తు కట్టినా, ఎందుకు జడుసుకున్నాడో అడిగి తెలుసుకోవడం మానకూడదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లలోపే పెళ్లయింది. ఇనుము లోపం మైలీన్ ఏర్పడడాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి రక్తహీనత మెదడు సమస్య కూడా.

ప్రకృతి విపత్తులు మరో వైపు. 1977 నవంబరు 19న ఉమ్మడి కృష్ణా జిల్లా దివిసీమను ముంచిన ఉప్పెన వేలమంది ప్రాణాలు తీసింది, ఎందరో పిల్లలను దిక్కులేనివారిని చేసింది. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ మండలం ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిని ముంచెత్తింది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మళ్లీ వరదలొచ్చాయి. వరద తగ్గాక బియ్యం, దుప్పట్లతోపాటు బడి త్వరగా తెరవడం, పిల్లలను తెలిసిన మనుషుల దగ్గరే ఉంచడం కూడా సహాయ చర్యలే.

కంచికచర్ల పేరు దేశమంతా వినిపించింది మాత్రం వేరే సంఘటనతో. 1968 ఫిబ్రవరిలో ఇక్కడ కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి, కట్టేసి సజీవంగా తగలబెట్టారు. కలేకూరి ప్రసాద్ కవిత్వంలో, దళిత ఉద్యమ చరిత్రలో ఆ పేరు నిలిచిపోయింది. ఇటువంటి హింసను చూస్తూ, వింటూ పెరగడం ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని సామూహిక హింస కిందికి వస్తుంది. ఆ భయాన్ని మిథైల్ గుర్తులతో కొలిస్తేనే నిజమని ఒప్పుకోవడం సరికాదు. అది నేరం, దానికి జవాబు న్యాయస్థానాల్లోనూ సమాజంలోనూ దొరకాలి.

కోలుకోవడం

జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986–87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లల మీద సాలీ గ్రాంథమ్–మెక్‌గ్రెగర్ బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట ఇంటికి వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతోనే బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో మాట్లాడాలో తల్లికి చూపారు. రెండేళ్లు ఇలా సాగింది. రెండు దశాబ్దాల తర్వాత ఆ పిల్లల సంపాదన, సాయం అందని తోటివారికంటే 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో తేలింది. ఒక్క జన్యువునూ పరీక్షించకుండా సాధించిన ఫలితమిది. మన దేశంలో మూడేళ్లలోపు పిల్లల ఆటపాటల కోసం 2024లో కేంద్రం నవచేతన మార్గదర్శకాలు విడుదల చేసింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు పనిభారం తగ్గించకుండా ఇది ఊళ్లలో నిలబడదు.

తల్లి కుంగుబాటుకు చికిత్స, భార్యను కొట్టడాన్ని ఆపడం, తాగుడు మాన్పించడం కూడా బిడ్డ మెదడుకు చేసే వైద్యంలో భాగమే. ఆఘాతం తగిలిన పిల్లలకు మాటల ద్వారా చేసే ప్రత్యేక చికిత్సలు ఫలిస్తున్నాయి. అన్నిటికంటే ముందు కావలసింది నమ్మదగిన ఒక పెద్ద మనిషి. అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, బడి పంతులు కావచ్చు.

చట్టాలు, సేవలు

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012లో, బాలల న్యాయ చట్టం 2015లో వచ్చాయి. పోక్సో ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం శిక్షార్హం. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి, మానసిక సహాయం కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడతారు.